ఈరన్న చదివిన కరపత్రం

భాగ్యశ్రీ అశోక్‌నగర్‌కు వచ్చి అప్పటికి నాలుగేళ్లు దాటింది. గ్రూప్స్ మొదటిసారి రాస్తే పరీక్ష రద్దయింది. రెండోసారి రాస్తే తప్పింది. హాస్టల్ గదిలో నలుగురు ఉండేవాళ్లు. పొద్దున్నే లేచి సిటీ సెంట్రల్ లైబ్రరీకి పోయి ముందు కుర్చీ పట్టుకోవడం, మధ్యాహ్నం దాకా చదవడం, ఆర్.టి.సి. క్రాస్ రోడ్స్ దగ్గర ఏదో ఒకటి తిని మళ్లీ వచ్చి చదవడం. ఊళ్లో అమ్మ ఫోన్ చేసి "ఎప్పుడొస్తది బిడ్డా నౌకరి?" అని అడగడం మానేసి చాలా రోజులైంది. అడగకపోవడమే ఆమెకు ఎక్కువ బాధగా ఉండేది.

ఐదో ఏడు మొదలవుతుండగా పనికి మనిషి కావాలని లైబ్రరీ గోడకు అతికించిన చిన్న కాగితం ఒకటి చూసి, చిక్కడపల్లిలో ఒక పాత డాబాకు వెళ్లింది. గేటులోకి అడుగు పెట్టగానే వెల్లుల్లి, పసుపు, ఎండిన ఆకులు కలిసిన ఘాటు వాసన. వరండాలో డెబ్బై దాటిన ఒకాయన కళ్లద్దాలు నుదుటిమీదికి తోసుకుని కూర్చుని ఉన్నాడు. ఆయనే ధర్మారావు. కోళ్ల మేతల మీద పరిశోధన చేస్తూ ఉద్యోగమంతా గడిపి, రిటైరయ్యాక ఇంటి కింది భాగంలో సొంతంగా ఆకుపొడి తయారు చేస్తున్నాడు. తిప్పతీగ, నేలవేము, నేల ఉసిరి, మునగాకు, పసుపు, వెల్లుల్లి. వీటిని ఎండబెట్టి, దంచి, జల్లించి, కోళ్ల దాణాలో కలపడానికి సంచుల్లో ఇస్తాడు.

"కోళ్లంటే భయం లేదు కదా అమ్మాయ్?" అని అడిగాడు.

"మా ఇంట్ల కోళ్లున్నయి సార్. గంప కింద కమ్మేది నేనే."

"కాటా చూసి ఉన్నది ఉన్నట్టు రాయగలవా?"

"రాస్త సార్."

"బరువు తగ్గినా?"

ఆ ప్రశ్న ఎందుకు అడిగాడో ఆమెకు అప్పుడు తెలియలేదు. "తగ్గితే తగ్గిందని రాస్త" అంది. ఆయన నవ్వి, లోపలికి చూసి, "బుల్లెమ్మా, కాఫీ రెండు" అన్నాడు. అదే ఆమెను పనిలో పెట్టుకోవడం.

బుల్లెమ్మగారు ఆయన భార్య. తణుకు నుంచి పెళ్లయి ఈ ఇంటికి వచ్చిన మనిషి. మేడ మీద ఆకులు ఆరబోయడం, తేమ పట్టకుండా తిరగేయడం, ఏ ఆకు ఎంతసేపు ఎండాలో చేత్తో నలిపి చెప్పడం ఆవిడ పని. "ఈయన సైన్సు అంటారు గానీ, నా వేళ్లు చెప్పందే ఒక్క ఆకూ కిందికి దిగదు" అని భాగ్యశ్రీతో చెప్పి గర్వంగా నవ్వేది.

రోజూ మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా భాగ్యశ్రీ అక్కడ పని చేసేది. ఆదివారాల్లో ధర్మారావుతో కలిసి బస్సెక్కి మోత్కూరు దగ్గర ఈరన్న ఫారానికి వెళ్లేది. ఈరన్న ఏ కంపెనీ కిందా లేకుండా సొంతంగా నాటుకోళ్లు పెంచే రైతు. యాభై ఏళ్ల మనిషి, సన్నగా, ఎప్పుడూ మెడలో తువ్వాలతో ఉండేవాడు. ధర్మారావు ఆయన షెడ్డును మధ్యలో జాలీ కట్టి రెండు చేశాడు. ఒక పక్క కోళ్లకు మామూలు దాణా, రెండో పక్క కోళ్లకు ఆకుపొడి కలిపిన దాణా. వారం వారం రెండు పక్కల నుంచీ కోళ్లను పట్టి తూచాలి. ఈరన్న పట్టి ఇస్తే, ఆయన భార్య ఎల్లవ్వ కాళ్లు పట్టుకుని కాటాకు తగిలిస్తే, భాగ్యశ్రీ రాసేది.

పన్నెండు వారాలు గడిచాక లెక్క తేలింది. పొడి తిన్న కోళ్లు కొంచెం బరువు ఎక్కువ తూగాయి. అంతే బరువుకు దాణా కొంచెం తక్కువ తిన్నాయి. చిన్నప్పుడు చచ్చిపోయిన కోడిపిల్లలు ఆ పక్కన తక్కువ. నాలుగు కోళ్లను కోసి చూస్తే కాలేయం శుభ్రంగా, ఎర్రగా ఉంది. ఈరన్న సంతోషం పట్టలేకపోయాడు.

"సార్, గిది మందు గాదు, అమృతం."

"కాదయ్యా" అన్నాడు ధర్మారావు. "ఇది కోడికి ఆకలి పుట్టిస్తుంది. కాలేయాన్ని కాస్తుంది. కడుపులో చెడ్డ పురుగు పెరగకుండా కొంత ఆపుతుంది. ఇంతకంటే దీనికి చేతకాదు. చేతనవుతుందని ఎవరైనా అంటే నమ్మకు. నేనన్నా నమ్మకు."

ఈరన్న తల ఊపాడు గానీ, ఆయన కళ్లు జాలీ అవతల నిగనిగలాడుతున్న కోళ్ల మీదే ఉన్నాయి.

ఊళ్లో మిగతా రైతులు కూడా పొడి అడగడం మొదలుపెట్టాక ఒక కరపత్రం వేద్దామనుకున్నాడు ధర్మారావు. ఆయన రాసింది రాసినట్టు ప్రభుత్వ నోటీసులా ఉంది. "ఈ మిశ్రమము కుక్కుటముల రోగనిరోధక శక్తికి తోడ్పడును" అని చదివి భాగ్యశ్రీ నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఏమ్మా?"

"కుక్కుటమంటే మా కాకకు సమజ్ కాదు సార్. ఈరన్న కాకకైతే అసలే కాదు. నేను రాస్తనా?"

రెండు రోజులు లైబ్రరీలో రాజ్యాంగం పుస్తకం పక్కన పెట్టి ఆ కరపత్రం రాసింది. ఎంత పొడి, ఎంత దాణాలో, ఎట్లా కలపాలి, తడి తగలకుండా ఎట్లా దాచాలి, అన్నీ ఈరన్నతో మాట్లాడినట్టే రాసింది. పైన పెద్దక్షరాల్లో, "మందుల మీద భారం తగ్గియ్యుండ్రి. రోగాన్ని తట్టుకునే బలం కోడికి లోపల్నుంచే రావాలె" అని పెట్టింది.

ధర్మారావు రెండుసార్లు చదివాడు. "నాకు నలభై ఏళ్లలో రాని విద్య ఇది" అన్నాడు. ఆ మాటకు భాగ్యశ్రీ గుండె నిండిపోయింది. నాలుగేళ్లుగా ఆమె రాసినదాన్ని ఎవరూ బాగుందన్నది లేదు. తప్పులు గుర్తు పెట్టి తిరిగి ఇచ్చినవాళ్లే అందరూ.

"కానీ ఈ పై వాక్యం చూసి ఎవడైనా టీకాలు మానేస్తాడేమోనమ్మా" అని ఆయన ఎర్ర పెన్ను తీసి, అన్నిటికంటే కింద తన చేత్తో రెండు వాక్యాలు రాశాడు. "ఈ పొడి టీకాలకు బదులు కాదు. డాక్టరు చెప్పిన వేళకు సూదులన్నీ తప్పకుండా వేయించండి." రాసి, "ఇవి ఉండాలి సుమా" అన్నాడు.

ఆ మరుసటి వారం ఆయనకు కంటి ఆపరేషన్ అయింది. కాగితం ప్రెస్సులో ఇచ్చే పని భాగ్యశ్రీ మీద పడింది. నారాయణగూడలో ప్రెస్సు. ఇచ్చి వచ్చింది. మూడో రోజు పొద్దున ఆమె మాక్ టెస్టు రాయడానికి కోచింగ్ సెంటర్ మెట్ల మీద నిలబడి ఉండగా ప్రెస్సాయన ఫోన్ చేశాడు.

"మేడం, మీ మ్యాటర్ పట్టట్లే. రెండు లైన్లు ఎక్కువైతున్నయి. అక్షరాలు చిన్నగ జెయ్యాల్నా, లేకుంటే రెండు లైన్లు తీసెయ్యాల్నా?"

అక్షరాలు చిన్నవైతే ఈరన్నలాంటి వాళ్లు చదవలేరు. లోపల బెల్లు కొడుతున్నారు. వెనకనుంచి ఎవరో "జర జరుగు అక్కా" అని తోసుకుంటూ పోయారు.

"కిందవి రెండు తీసెయ్యి అన్న" అంది.

టీకాలు వేయాలని తెలియని కోళ్ల రైతు ఎవరుంటారు అని ఆమె ఆ క్షణంలో అనుకుంది. నిజానికి అంత కూడా అనుకుందో లేదో తర్వాత ఎంత గుర్తు చేసుకున్నా తేలలేదు. పరీక్ష రాసి బయటికి వచ్చేసరికి ఆ ఫోన్ సంగతే మరచిపోయింది. కరపత్రాల కట్ట తెచ్చి వరండాలో పెట్టినప్పుడు, కంటికి పచ్చగుడ్డ కట్టుకుని కూర్చున్న ధర్మారావు కొత్త కాగితాన్ని చేత్తో తడిమాడు.

"నేను రాసిందంతా వచ్చిందా అమ్మాయ్?"

"వచ్చింది సార్" అంది. అంటున్నప్పుడు మాత్రం గుర్తుకొచ్చింది. ఇప్పుడు చెప్తే మళ్లీ అచ్చు వేయించాలి, ఆయన నొచ్చుకుంటాడు, అంత పెద్ద విషయమా అనుకుని ఊరుకుంది.

పది రోజులకు ఈరన్న ఫోన్ చేశాడు. "బిడ్డా, నీ కాయిదం ఊళ్లె అందరం చదివినం. నువ్వే ఎదురుంగ కూసొని చెప్పినట్టున్నది. ఎవరన్న అడిగితే, మా బిడ్డ రాసిందని చెప్పిన."

ఆ రోజు హాస్టల్ గదిలో వాళ్లందరికీ ఆమె ఆ మాట చెప్పింది. గదిలో అందరూ చప్పట్లు కొట్టారు.

*

అది జరిగిన నాలుగు నెలలకు, చలికాలంలో ఒక పొద్దున, భాగ్యశ్రీ లైబ్రరీలో ఉండగా ధర్మారావు నుంచి ఫోన్ వచ్చింది. వెంటనే రమ్మన్నాడు. ఆమె వెళ్లేసరికి వరండా మెట్ల మీద ఈరన్న కూర్చుని ఉన్నాడు. పక్కన తాడుతో కట్టిన అట్టపెట్టె. తువ్వాల మెడలో లేదు, పెట్టె మీద కప్పి ఉంది. మనిషి ఆమెను చూసి లేవలేదు.

"ఏమైంది కాకా?"

"కోళ్లు పోతున్నయి బిడ్డా. నిన్న నూటిరవై. మొన్న ఎనభై. మెడలు తిరిగిపోతున్నయి. రెక్కలు ఏలబడుతున్నయి. ఆకుపచ్చగ పారుతున్నయి. పొడి రెండింతలు ఏసిన. అయినా ఆగుతలేవు."

ధర్మారావు ముఖం తెల్లగా పాలిపోయి ఉంది. "నారాయణగూడ పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లమ్మా. కోసి చూస్తారు. నేను వెనకనే వస్తాను" అన్నాడు.

ఆటోలో ఈరన్న పెట్టెను ఒళ్లో పెట్టుకున్నాడు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, "ఇంకో నెలయితే అమ్ముదుము" అన్నాడు, ఎవరితోనో అన్నట్టు.

ఆసుపత్రిలో డాక్టర్ శ్రీదివ్య అని చిన్న వయసు ఆమె. పెట్టె విప్పి, ఒక కోడిని రేకు బల్ల మీద పెట్టి కోసింది. కడుపు సంచి తెరిచి చూపించింది. లోపలి పొర మీద సూదితో పొడిచినట్టు ఎర్రటి రక్తపు చుక్కలు.

"కొక్కెర రోగం. రెండో నెలలో రెక్క కింద సూది వేయించారా?"

"మొదటివి ఏయించిన డాక్టరమ్మా. కండ్లల్ల చుక్కలు పోయించిన."

"అవి చిన్నప్పటివి. ఎనిమిదో వారంలో వేసే సూది సంగతి అడుగుతున్నాను."

"అది ఏయించలే."

"ఎందుకు వేయించలేదు? ప్రతి బ్యాచ్‌కీ వేయించేవారా?"

"ప్రతిసారి ఏయిస్తుంటి. ఒక్కో కోడిని పట్టి పొడవాలె గదమ్మా, రెండు రోజులు కోళ్లు మేత ముట్టవు. కొన్ని బెదిరి చస్తయి. ఈసారి..." అంటూ ఈరన్న చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. మడతల దగ్గర చిరిగి, ప్లాస్టిక్ టేపుతో అతికించి ఉంది. "ఇండ్ల రాసిండ్రు గద. మందుల మీద భారం తగ్గియ్యుండ్రి అని. బలం లోపల్నుంచే రావాలె అని. సూది గుడ మందే గద అనుకున్న. మొత్తం చదివిన డాక్టరమ్మా, మూడుసార్లు చదివిన. సూదులు ఏయించాలని యాడ లేదు."

డాక్టర్ ఆ కాగితం తీసుకుని చదివింది. చదివి భాగ్యశ్రీ చేతికిచ్చింది. భాగ్యశ్రీ చదవలేదు. చదవక్కరలేదు. కాగితం అడుగున, ఫోన్ నంబర్ కింద, వేలెడంత ఖాళీ ఉంది. రెండు లైన్లు తీసేశాక ప్రెస్సాయన మిగిలినవాటిని సర్దగా మిగిలిన ఖాళీ. ఆ రెండూ అక్కడ పట్టేవేనేమో.

"మిగతావాటికి ఇప్పుడు సూది వేయొచ్చా?" అని ఆమె అడిగింది.

"రోగం లోపలికొచ్చాక లాభం తక్కువ. బతికినవాటిని వేరు చేయండి. చచ్చినవి గుంట తీసి సున్నం వేసి పూడ్చండి. చుట్టుపక్కల ఫారాలకు చెప్పండి" అంది డాక్టర్. ఆపైన మెత్తగా, "పొడి చెడ్డది కాదు పెద్దాయనా. కానీ ఏ ఆకూ ఈ వైరస్‌ను ఆపలేదు" అంది.

అంతలో ధర్మారావు వచ్చాడు. భాగ్యశ్రీ చేతిలోంచి కాగితం తీసుకుని, కళ్లద్దాలు సవరించుకుని, మొదటినుంచి చివరిదాకా చదివాడు. చివర ఉన్న ఖాళీ మీద వేలు పెట్టాడు. ఒకసారి తలెత్తి ఆమె వంక చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఆమె తల దించుకుంది.

ఆయన ఈరన్న వైపు తిరిగి, "తప్పు నాది ఈరన్నా. రాయవలసిన మాట రాయలేదు" అన్నాడు.

ఈరన్న బల్ల మీది కోడి వంక చూస్తూ నిలబడ్డాడు. "నువ్వు సదువుకున్నోనివి సార్" అన్నాడు. "నేనేం జేస్త? నువ్వు చెప్పింది నమ్మిన."

*

ఆ వారం భాగ్యశ్రీ లైబ్రరీకి పోలేదు. పొడి తీసుకున్న రైతులందరి నంబర్లూ ధర్మారావు పుస్తకంలో ఉన్నాయి. ఒక్కొక్కరికే ఫోన్ చేసి, "సూదులు మానొద్దు, మానితే ఇయ్యాల్నే ఏయించుండ్రి" అని చెప్పాలి. వరండాలో ఒక పక్క ఆయన, ఒక పక్క ఆమె కూర్చుని నాలుగు రోజులు చేశారు. చాలామంది సూదులు వేయించామనే అన్నారు. ఆలేరు నుంచి ఒకామె, "గది వేరే, గిది వేరే గద బిడ్డా, గంత తెల్వదా మాకు?" అని నవ్వింది. ఆ నవ్వు విని భాగ్యశ్రీకి ఒక్క క్షణం ఊపిరాడినట్టయింది. వెంటనే ఈరన్న మూడుసార్లు చదివిన కాగితం గుర్తొచ్చింది. ఆమె అక్షరాలను అంత శ్రద్ధగా చదివింది ఆయనొక్కడే.

రెండో రోజు ఈరన్నే ఫోన్ చేశాడు. ధర్మారావు ఫోన్ స్పీకర్‌లో ఉంది. తొమ్మిది వందలు పోయాయని చెప్పాడు. ఆ తర్వాత తిట్టాడు. ఊళ్లోవాళ్లు చుట్టూ ఉన్నట్టు మాటలు వినిపిస్తున్నాయి. "ముసలితనంల నీకెందుకు సార్ ఈ యాపారం? మా ఉసురు దల్గి పోతవు" అన్నాడు. ధర్మారావు ఫోన్ పెట్టేయలేదు. అవతలివాడు అలసిపోయి ఆపేదాకా విని, "అవును ఈరన్నా" అన్నాడు.

అప్పటికైనా చెప్పాలి. భాగ్యశ్రీ చెప్పలేదు. రేపు చెప్తాను అనుకుంది. రేపు వచ్చాక, ఫోన్లన్నీ అయ్యాక అనుకుంది.

నాలుగో రోజు సాయంత్రం మేడ మీది నుంచి బుల్లెమ్మగారు పిలిచింది. భాగ్యశ్రీ వెళ్లి చూస్తే ఆవిడ ఎండిన మునగాకును గోనెసంచిలోకి ఎత్తుతోంది. పక్కన తిప్పతీగ ముక్కలు, నేలవేము కట్టలు అప్పటికే సంచుల్లో కుక్కి ఉన్నాయి.

"మున్సిపాలిటీ బండికి వేసేయమన్నారమ్మా ఈయన. ఇక పొడి చేయరట." ఆవిడ చెయ్యి ఆగింది. "అంతకాలం ఉద్యోగం చేశారు, ఒక్కనాడు ఒక్క అంకె తప్పు రాయలేదు. మొన్నటినుంచి నోరు తెరిస్తే అదే మాట. అంత ముఖ్యమైన ముక్క నేనెలా మర్చిపోయాను బుల్లెమ్మా, నా బుర్ర పోతోందా అంటారు. నాకు భయంగా ఉందమ్మా. వాళ్ల నాన్నగారికి చివర్లో మతిమరుపు వచ్చింది."

భాగ్యశ్రీ మెట్లు దిగి నేరుగా ఆయన ముందుకు వెళ్లి నిలబడింది.

"సార్, మీరు మర్చిపోలే. మీరు ఎర్ర పెన్నుతోని రాసిండ్రు. నేను తీసేసిన. ప్రెస్సాయన పట్టట్లే అంటే నేనే తీసెయ్యమన్న. మీరు అడిగితే వచ్చిందని అబద్ధం చెప్పిన."

చెప్పేటప్పుడు ఆమె ఏడవలేదు. ఏడుపు ఆయన మాట విన్నాక వచ్చింది.

"తెలుసమ్మా" అన్నాడు. "ఆసుపత్రి నుంచి రాగానే, ప్రెస్సువాళ్లు కట్టతోపాటు తిరిగిచ్చిన ఎర్ర పెన్ను కాగితం తీసి చూసుకున్నాను."

"మరి అమ్మతోని మర్చిపోయిన అని..."

"ఆవిడకు చెప్తే నీ మొహం చూడదు. నువ్వు ఇక్కడికి రావడం మానేస్తావు. ఫోన్లు చేసేదెవరు? ఎంతమంది బతుకులున్నాయి అటుపక్క?" ఎదురుగా ఉన్న నంబర్ల పుస్తకం మూశాడు. "అయినా, పేరు నాది. కన్ను కనపడకపోతే ఎవరిచేతనైనా చదివించుకోవాలి. అది చేయలేదు. నీ తప్పు తీసేసినా నాది మిగులుతుంది."

"ఈరన్న కాకకు చెప్త సార్."

"చెప్పు. చెప్పాలి. కానీ వాడు నిన్ను క్షమిస్తాడని చెప్పకు. అలాంటి ఆశతో వెళ్లకు."

*

ఆమె ఫోన్ చేస్తే ఈరన్న ఎత్తలేదు. మోత్కూరు బస్సెక్కి వెళ్తే షెడ్డు మీద రేకులు లేవు. జాలీ ఊడదీసి ఒక మూల చుట్ట చుట్టి ఉంది. వెనక సున్నం చల్లిన పెద్ద గుంట చదునుగా కనిపించింది. పక్కింటివాళ్లు, వాళ్లిద్దరూ పట్నం పోయారని చెప్పారు. ఎక్కడో తెలియదన్నారు.

ఎక్కడో ఆమెకు రెండు నెలల తర్వాత తెలిసింది. అశోక్‌నగర్‌లోనే, ఆమె హాస్టల్‌కు రెండు సందుల అవతల, ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. పొద్దున లైబ్రరీకి వెళ్తూ గేటు లోపల, వాచ్‌మన్ గది ముందు, బకెట్‌తో కారు తుడుస్తున్న మనిషిని చూసింది. ముందు తువ్వాల గుర్తుపట్టింది, తర్వాత మనిషిని.

"కాకా!"

ఈరన్న తల తిప్పి చూశాడు. గుర్తుపట్టి, ముఖం కొంచెం వెలిగింది. "నువ్వా బిడ్డా? గీడ్నే ఉంటవా? పరీక్షలెట్ల రాసినవు?" అన్నాడు. చెయ్యి తువ్వాలకు తుడుచుకుంటూ గేటు దగ్గరికి వచ్చాడు. ఏమీ చెప్పకుండా, బాగున్నానని చెప్పి వెళ్లిపోవచ్చు. ఎవరికీ నష్టం లేదు.

గేటు ఊచలు పట్టుకుని నిలబడి, మొదటినుంచి అంతా చెప్పింది.

ఈరన్న తుడిచే గుడ్డను చేతిలో పట్టుకుని విన్నాడు. పూర్తయ్యాక, "పెద్దసారు రాసిండా?" అని మాత్రం అడిగాడు.

"రాసిండు కాకా. ఎర్ర పెన్నుతోని రాసిండు."

"రాసిండా" అన్నాడు మళ్లీ. "రాసి, నేను తిట్టంగ గమ్మున ఉన్నడు. ఊరి ముంగట తిట్టిన. చస్తవని తిట్టిన." తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. "నువ్వు పక్కనే ఉన్నవా అప్పుడు?"

"ఉన్న."

"ఉండి ఊకున్నవు."

ఈరన్న ఆమె వంక చూశాడు. అరిస్తే బాగుండునని ఆమెకు అనిపించింది. ఆయన అరవలేదు.

"అందరికి చెప్పుకున్న. మా బిడ్డ రాసిందని చెప్పుకున్న" అన్నాడు. "పో తల్లీ. నాకు పనున్నది. ఇగ ఈ గేటు కాడికి రాకు."

బకెట్ తీసుకుని వెనక్కి తిరిగి, అప్పటికే తుడిచిన కారును మళ్లీ తుడవడం మొదలుపెట్టాడు.

తర్వాతి ఆదివారం బుల్లెమ్మగారు ఫోన్ చేసి చెప్పింది. ఈరన్న చిక్కడపల్లి వచ్చాడట. వరండాలో ధర్మారావుకు ఎదురుగా గంటసేపు కూర్చున్నాడట. కాఫీ ఇస్తే తాగాడట. వెళ్లేముందు వంగి ధర్మారావు కాళ్లు పట్టుకోబోతే, ఆయన పట్టుకోనివ్వలేదట. ఇద్దరూ అలాగే చేతులు పట్టుకుని నిలబడి ఏడ్చారట. "నీ సంగతి నాకూ చెప్పారమ్మా ఈయన" అంది బుల్లెమ్మగారు చివర. "నాలుగు రోజులు ఆగి రా. ఇప్పుడు రాకు" అని పెట్టేసింది.

భాగ్యశ్రీ ఆ అపార్ట్‌మెంట్ ముందునుంచి వెళ్లడం మానేసింది. మెయిన్‌రోడ్డు మీదుగా చుట్టూ తిరిగి లైబ్రరీకి పోయేది. చదివినది తలకెక్కేది కాదు. ఒక వాక్యం చదివితే దాని కింద ఇంకేదో ఉండి ఉంటుందని, ఎవరో తీసేసి ఉంటారని అనిపించేది.

ఒకరోజు పొద్దున కూరగాయల బండి దగ్గర ఎల్లవ్వ ఎదురుపడింది. భాగ్యశ్రీ పక్కకు తప్పుకోబోయింది. ఎల్లవ్వే ఆపింది.

"ఆయన చెప్పిండు" అంది. టమాటాలు ఏరుతున్న చెయ్యి ఆపలేదు. "నీ మీద కోపం నాకు గుడ ఉన్నది. లేదని చెప్ప."

"ఉండాలె పెద్దమ్మా."

ఎల్లవ్వ ఏరిన టమాటాలు బండివాడికి ఇచ్చి, కాటా వైపు చూస్తూ నిలబడింది. మొహం వాడిపోయి ఉంది.

"తెల్లారగట్ల నాలుగింటికి మెలకువొస్తది బిడ్డా. కోళ్లు ఒర్రినట్టే ఇనపడ్తది. షెడ్డు తలుపు తియ్యాలె, నీళ్లు పొయ్యాలె అని లేచి కూసుంట. కూసున్నంక యాదికొస్తది. బయటికి చూస్తే అన్ని కార్లే. ఒక్కటి గుడ సప్పుడు జెయ్యదు."

సంచి భుజానికి తగిలించుకుని రెండడుగులు వేసి ఆగింది. "ఆయన లేనప్పుడు రా. నాకు ఈ ఊర్ల మాట్లాడనీకె ఎవ్వరు లేరు" అంది. అని, జవాబు కోసం చూడకుండా సందులోకి తిరిగిపోయింది.